పంతులమ్మకు సర్వీసు రిజిస్టరు ఏదీ?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా డిసెంబరు 17వ తేదీన మనం ఇలా కలుసుకుని నకారా గారిని తలచుకుంటాం. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెబుతూ, పింఛను ప్రభుత్వం దయ తలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తేల్చింది. ఆ తీర్పు చలవ వల్లనే మనం నెల మొదట్లో బ్యాంకుకు తల ఎత్తుకుని వెళుతున్నాం. డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నేను వాటి జోలికి పోను. మన ఇళ్లలోనే ఉంటూ, మనకున్న హక్కుల్లో సగం కూడా చేతికందని ఒక ఉద్యోగిని గురించి నాలుగు మాటలు చెబుతాను. ఆ ఉద్యోగి ప్రైవేటు స్కూలు పంతులమ్మ, ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరరు.

మీ ఇంట్లో కూతురో కోడలో మనవరాలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోందా అని అడిగితే ఈ హాల్లో చాలా చేతులే లేస్తాయి. అందులో ఆశ్చర్యం లేదు. తిరుపతిలో 1945లో ఎస్.వి. ఆర్ట్స్ కాలేజీ, 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చినప్పటి నుంచి మన చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో చదువుకున్నవాళ్లకు కొదువ లేదు. కొదువంతా ఉద్యోగాలకే. 2018 డి.ఎస్.సి. తర్వాత నియామకాల దాకా వచ్చిన ప్రకటన 2025లోనే చూశాం. అందులో రాష్ట్రం మొత్తానికి 16,347 పోస్టులు. నడుమ ఏడేళ్లు బి.ఎడ్., డి.ఎడ్. చేసి కూర్చున్న పిల్లలు ఎక్కడికి పోతారు? వీధి చివరి స్కూలుకే పోతారు. ఒకరు మానేస్తే పదిమంది గేటు దగ్గర నిలబడి ఉంటారని యాజమాన్యానికి తెలుసు. జీతం అక్కడే తెగిపోతుంది.

2022 పి.ఆర్.సి. ప్రకారం సెకండరీ గ్రేడు టీచరు మూల వేతనం 32,670 రూపాయల దగ్గర మొదలవుతుంది. అదే చదువు చదివి, అదే పాఠం చెప్పే ప్రైవేటు టీచర్లు మా వీధిలో పది వేలు, పన్నెండు వేలు అని చెబుతున్నారు. పదిహేను వేలు వస్తే అదృష్టవంతురాలనుకుంటున్నారు.

జీతం సంగతి అలా ఉంచి పని చూడండి. ఉదయం ఎనిమిదిన్నరకు లోపలికి పోతే సాయంత్రం స్టడీ అవర్సు ముగిసేదాకా బయటికి రాలేరు. హాస్టలు ఉన్న జూనియర్ కాలేజీల్లో తెల్లవారుజామున మొదలై రాత్రి తొమ్మిది దాటుతుంది. ఇంటికొచ్చాక స్లిప్ టెస్టు పేపర్లు దిద్దాలి. ఫోనులో తల్లిదండ్రులకు జవాబులు చెప్పాలి. ఫీజు కట్టని పిల్లవాడి ఇంటికి ఫోను చేసే పని కూడా క్లాసు టీచరుదే. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల సంగతి మీకు తెలుసు. ఆ ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. ఇన్ని తేకపోతే జూన్‌లో రానక్కర్లేదు అనే యాజమాన్యాలున్నాయి. ఆ రెండు నెలలకు జీతం ఎగ్గొట్టేవారు కూడా ఉన్నారు. కాగితం మీద సెలవు, ఎండలో పని. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేసుకుంటారు. మనిషి సంపాదించుకున్న పట్టా మనిషి దగ్గర ఉండాలి గాని తాకట్టు వస్తువు కాదు.

అందరూ ఇలాగే ఉన్నారని నేను అనను. ఒకటో తేదీన జీతం వేసి, పి.ఎఫ్. కట్టి, టీచరును మర్యాదగా చూసే యాజమాన్యాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. వారికి నమస్కారం. అలా చేసి కూడా స్కూలు నడపవచ్చునని వారే రుజువు.

ఇక చట్టం సంగతికి వస్తాను. గుమాస్తాగా పని చేసినవాణ్ణి గనుక నాకు ఈ భాగం చదివినప్పుడు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. 1988లో గోవాకు చెందిన ఒక స్కూలు టీచరు కేసులో, టీచరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మన్ కాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో హర్యానా కేసులో, కనీస వేతనాల చట్టం టీచరుకు వర్తించదని చెప్పింది. 2004లో అహమ్మదాబాదు ప్రాథమిక టీచర్ల కేసులో గ్రాట్యుటీ కూడా రాదన్నది. కారణం ఏమిటంటే, ఆ చట్టంలో ఉద్యోగి అంటే నైపుణ్యం గల పని, చేతిపని, సూపర్‌వైజరు పని, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాడు అని రాసి ఉంది. చదువు చెప్పడం వీటిలో ఏదీ కాదట! అది ఉదాత్తమైన వృత్తి. అంటే ఒకే స్కూల్లో ఫీజు రసీదులు రాసే గుమాస్తాకు గ్రాట్యుటీ ఉన్నది, ఆ గుమాస్తాకు చిన్నప్పుడు అ ఆ లు దిద్దించిన పంతులమ్మకు లేదు. పొగడ్తతో కడుపు నిండదని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

అయితే ఆ తీర్పులోనే పార్లమెంటు ఈ లోటు సవరించాలని కోర్టు సూచించింది. 2009లో పార్లమెంటు సవరించింది. ఏ రకమైన పని చేసినా ఉద్యోగే అని రాసి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేటట్లు చేసింది. ప్రైవేటు స్కూళ్ల సంఘాలు మళ్లీ కోర్టుకు వెళ్లాయి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని, ఆరు వారాల్లో వడ్డీతో సహా చెల్లించాలని ఉత్తర్వు ఇచ్చింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక గ్రాట్యుటీ సామాజిక భద్రతా కోడ్‌లోకి చేరింది. అసలు లెక్క మారలేదు. పదిమంది పని చేసే సంస్థ కావాలి, ఐదేళ్ల సర్వీసు కావాలి, ఏడాదికి పదిహేను రోజుల జీతం. నిర్ణీత కాలపు ఒప్పందం మీద తీసుకున్నవారికి ఏడాది సర్వీసు చాలు.

ప్రావిడెంటు ఫండు ఇంకా పాత హక్కు. విద్యాసంస్థలను 1982 మార్చి 6 నుంచే పి.ఎఫ్. పరిధిలోకి తెచ్చారు. ఇరవై మంది ఉంటే టీచరు 12 శాతం, యాజమాన్యం 12 శాతం కట్టాలి. కొన్ని చోట్ల రిజిస్టరులో పంతొమ్మిది మందే కనిపిస్తారు. మరికొన్ని చోట్ల యాజమాన్యం వాటా కూడా టీచరు జీతంలోంచే కోస్తారు. ఇది చట్టం ఒప్పుకోని పని.

జీతాల మీద కూడా మన రాష్ట్రంలో మాట లేకపోలేదు. 1994 జనవరి 1న విద్యా శాఖ ఇచ్చిన జి.ఓ. ఎం.ఎస్. నంబరు 1లో ఫీజు రాబడిని ఎలా పంచాలో రాసి ఉంది. సగం జీతాలకు, 15 శాతం సిబ్బంది పి.ఎఫ్., గ్రాట్యుటీ, బీమా వంటి వాటికి, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, 5 శాతం యాజమాన్యానికి. ఒక సెక్షనులో నలభై మంది పిల్లలు, తలకు పాతిక వేలు ఫీజు అనుకుందాం. పది లక్షలు. సగం అయిదు లక్షలు. ఆయాతో కలిపి సెక్షనుకు ఇద్దరు సిబ్బంది అనుకున్నా నెలకు ఒక్కొక్కరికి ఇరవై వేలు దాటాలి. ఢిల్లీలో 1973 నాటి చట్టం ఇంకా ముందుకు వెళ్లి, గుర్తింపు పొందిన ప్రైవేటు స్కూలు టీచరు జీతం ప్రభుత్వ టీచరు జీతానికి తగ్గరాదని 10వ సెక్షనులో రాసింది.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి గనుక కొరియా పేరు మనకు కొత్త కాదు. ఆ దేశంలో మన కోచింగు సెంటర్ల వంటివి వీధి వీధికీ ఉన్నాయి. వాటిని హాగ్వాన్ అంటారు. అక్కడి పాఠాలు చెప్పేవారిలో చాలామందిని ఉద్యోగి అని రాయకుండా స్వతంత్రంగా పని చేసుకునేవాడని రాసి, 3.3 శాతం పన్ను కోసి జీతం చేతిలో పెడతారు. అప్పుడు బీమా అక్కర్లేదు, మానేసినప్పుడు ఇవ్వవలసిన సొమ్మూ అక్కర్లేదు. 2006లో ఆ దేశపు సుప్రీంకోర్టు ప్రవేశ పరీక్షల కోచింగు మాస్టర్ల కేసులో, కాంట్రాక్టు మీద ఏ పేరు రాశారన్నది కాదు, పని ఎలా చేయించుకున్నారన్నది చూడాలని చెప్పి వారిని ఉద్యోగులుగా గుర్తించింది. అక్కడ ఏడాది సర్వీసుకు ముప్పై రోజుల జీతం ఇవ్వాలి. మన లెక్కకు రెట్టింపు. అక్కడా ఇక్కడా గొడవంతా ఒక కాగితం దగ్గరే ఉంది.

ఇక్కడే నా అసలు మాట. చట్టం వచ్చింది, తీర్పు వచ్చింది. మరి డబ్బు ఎందుకు రావడం లేదు? మా వీధిలో ఒకామె పదకొండేళ్లు ఒక స్కూల్లో లెక్కలు చెప్పింది. పేర్లు అనవసరం. మే నెలంతా తిప్పుకుని, జూన్‌లో రావద్దన్నారు. చివరి జీతం 14,300. ఇరవై ఆరుతో భాగించి పదిహేనుతో హెచ్చిస్తే ఏడాదికి 8,250. పదకొండేళ్లకు 90,750 రూపాయలు. నేను కాగితం మీద లెక్క వేసి చూపిస్తే ఆమె నమ్మలేదు. "అంత డబ్బు మాకెందుకిస్తారు పెదనాయనా? నేను పని చేసినట్లు నా దగ్గర ఒక్క కాయితమూ లేదే" అన్నది.

నియామక ఉత్తర్వు లేదు. జీతం స్లిప్పు లేదు. ఇంక్రిమెంటు ఉత్తర్వు లేదు. మనకు చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ప్రతి సెలవూ, ప్రతి బదిలీ, ప్రతి ఇంక్రిమెంటూ సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. ఆఫీసరు సంతకం పడింది. ఆ పుస్తకమే ఈరోజు మన పింఛను. పదకొండేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి తన లెక్క చూపించే పుస్తకం లేదు.

అయినా వెతికితే కాగితాలు దొరికాయి. బ్యాంకు పాసుబుక్కులో నెల నెలా స్కూలు పేరుతో పడిన జమలు దొరికాయి. పాత గుర్తింపు కార్డులు నాలుగు దొరికాయి. పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషను డ్యూటీ ఉత్తర్వులు దొరికాయి, వాటి మీద స్కూలు పేరుంది. టైంటేబులు, స్టాఫ్ గ్రూపు ఫోటోలు, ఫోనులో హెడ్మాస్టరు పంపిన ఆదేశాలు అన్నీ ప్రింటు తీయించాం. గుర్తింపు ఉన్న స్కూళ్లు టీచర్ల వివరాలు యు-డైస్‌లో ప్రభుత్వానికి పంపాలి. ఆ సంగతి కూడా దరఖాస్తులో రాశాం. రిజిస్టరు పోస్టులో పంపాం. అక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగి వచ్చింది. జవాబు రాకపోతే కార్మిక శాఖకు వెళ్లడమే. డబ్బు ఇంకా చేతికి రాలేదు. కాని ఇప్పుడామె చేతిలో ఒక ఫైలు ఉంది. ఫైలు ఉన్న మనిషిని పొమ్మనడం అంత సులభం కాదని మన అందరికీ తెలుసు.

కాబట్టి సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం మన సంఘం గది తెరిచి ఉంచుదాం. ట్రెజరీలో చేసినవారు, విద్యా శాఖలో చేసినవారు, ఎస్టాబ్లిష్మెంటు సీటు చూసినవారు మనలో ఉన్నారు. ప్రైవేటు టీచర్లు వస్తే పి.ఎఫ్. ఖాతా ఉందో లేదో చూద్దాం, ఉంటే యాజమాన్యం వాటా పడుతున్నదో లేదో చూద్దాం. పనిలో ఉన్నవారి చేత ఒక నోటుపుస్తకం పెట్టిద్దాం. చేరిన తేదీ, జీతం, పెరుగుదల, సెలవులు, చేసిన డ్యూటీలు, ఏ నెలకు ఆ నెల రాసుకోవాలి. ఇప్పుడు కొత్త కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. దాన్ని అడుగుతూ రాసే అర్జీ నమూనా మనమే తయారు చేద్దాం. ఒక్కరు అడిగితే ఉద్యోగం పోతుందని భయం. ఇరవై మంది ఒకే అర్జీ మీద సంతకం పెడితే ఆ భయం పలచబడుతుంది.

మనలో కొందరు, యాజమాన్యాలతో మనకెందుకు తగాదా అనవచ్చు. ఇందులో తగాదా ఏమీ లేదు. చట్టంలో ఉన్నదాన్ని కాగితం మీద అడగడమే. మన జీవితమంతా చేసిన పని అదే.

ఒక్క లెక్క చెప్పి ముగిస్తాను. 2014 సెప్టెంబరులో పి.ఎఫ్. పింఛనుకు జీతం పరిమితి 15,000 అన్నారు. ఆ పరిమితి మీద ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన టీచరుకు వచ్చే పింఛను, ముప్పై ఏళ్లకు అదనంగా ఇచ్చే రెండేళ్లు కలిపి, పదిహేను వేలను ముప్పై రెండుతో హెచ్చించి డెబ్బైతో భాగిస్తే, నెలకు 6,857 రూపాయలు. దాని మీద డి.ఎ. లేదు. అంతంత మాత్రపు సొమ్మే. అదైనా ఆమె పేరున పి.ఎఫ్. కట్టి ఉంటేనే వస్తుంది. ఈ ఆదివారం మీ ఇంట్లో పాఠాలు చెప్పే బిడ్డను కూర్చోబెట్టి అడగండి: అమ్మా, నీ పి.ఎఫ్. నంబరెంత, నీ నియామక పత్రం ఎక్కడుంది అని. జవాబు లేకపోతే రెండో ఆదివారం మా దగ్గరకు పంపండి.