విశ్రాంతికి సాకులెందుకు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను స్త్రీల పని గురించి మాట్లాడమన్నారు. ఇంటి చాకిరీకి విలువ లేకపోవడం గురించీ, కూలి రేట్లలో తేడాల గురించీ మనం చాలాసార్లు చర్చించుకున్నాం. ఈసారి పని గురించి కాదు, పని మానెయ్యడం గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నా అనుభవంతోనే మొదలుపెడతాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

పోయిన డిసెంబరులో నేను నాలుగు రోజులు కొచ్చి వెళ్ళాను. ఇంట్లో సెమినార్ అని చెప్పాను. సెమినార్ ఏమీ లేదు. సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు ఎర్నాకుళంలో దిగి, పడవలో ఫోర్ట్ కొచ్చి చేరాను. అక్కడ ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాను. పొద్దెక్కేదాకా పడుకున్నాను. ఎవరో వండితే అప్పం తిన్నాను, అరిటాకులో చుట్టి కాల్చిన కరిమీను తిన్నాను. చీనా వలల దగ్గర కూర్చుని, ఆ పెద్ద వలలు నీళ్ళలోకి దిగడం, రాళ్ళ బరువు సాయంతో మనుషులు తాళ్ళు లాగితే పైకి లేవడం గంటలు గంటలు చూశాను. ఇదంతా నా జీతం డబ్బుతోనే. అయినా దొంగతనం చేసినట్టే అనిపించింది.

ఇరవై ఏళ్ళుగా హక్కుల గురించి పాఠాలు చెప్తున్నదాన్ని, నాలుగు రోజుల సెలవుకి అబద్ధం ఎందుకు ఆడాను? నా ఇంట్లో ఎవరూ క్రూరులు కారు. "విశ్రాంతి తీసుకోవడానికి వెళ్తున్నాను" అంటే వద్దనేవాళ్ళు కాదేమో. కానీ "ఎందుకు, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది. మన ఇళ్ళలో ఆడది నడుం వాల్చాలంటే జబ్బు చెయ్యాలి, పురుడు రావాలి, లేదా ఆ మూడు రోజులూ బయట కూర్చోబెట్టాలి. ఇవేవీ లేకుండా ఊరికే కూర్చునే ఆడదానికి మన భాషలో మంచి మాట ఒక్కటీ లేదు. పనిదొంగ, తిని కూర్చుంది, కాలు మీద కాలేసుకుంది, ఇవే ఉన్నాయి.

మన అమ్మలూ అమ్మమ్మలూ దీనికి ఒక దారి వెతుక్కున్నారు. పుష్కరాలకి వెళ్ళారు, తిరుపతి వెళ్ళారు, కార్తీక మాసంలో వనభోజనాలకి వెళ్ళారు. భక్తి లేదని నేననను. కానీ ఆ నాలుగు రోజులూ పొయ్యి ముందు కూర్చోనక్కర్లేదు, నలుగురు ఆడవాళ్ళతో మనసు విప్పి మాట్లాడుకోవచ్చు. స్వామి కార్యం, స్వకార్యం రెండూ తీరేవి. దేవుడి పేరు చెప్తే తప్ప గడప దాటనివ్వని చోట, దేవుడి పేరే చెప్పారు. నేను సెమినార్ పేరు చెప్పాను. చదువు వల్ల సాకు మారిందంతే.

ఇది నా ఒక్కదాని బలహీనత కాదని లెక్కలు కూడా చెప్తున్నాయి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్ళు దాటిన ఆడవాళ్ళలో 81 శాతం మంది జీతం లేని ఇంటి పని చేస్తున్నారని తేలింది. మగవాళ్ళలో 26 శాతం మందే. ఆ పని చేసే ఆడవాళ్ళకి అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పోయేవి. చేసే మగవాళ్ళకి 97 నిమిషాలు. అంటే ఇద్దరికీ రోజుకి 24 గంటలే అయినా, ఆ గంటలు ఇద్దరికీ ఒకేలా మిగలడం లేదు.

మళ్ళీ కొచ్చికి వస్తాను. గది కోసం ఫోన్ చేసినప్పుడే ఒక చోట "మీతో ఎవరొస్తున్నారు?" అని రెండుసార్లు అడిగి, తర్వాత గదులు లేవన్నారు. ఊరు చూడబోతే అంతా మగవాళ్ళ పేర్లే. 1503లో కట్టడం మొదలైన చర్చిలో వాస్కో డ గామాని 1524లో పూడ్చిపెట్టిన చోటు చూపిస్తారు. పోర్చుగీసువాళ్ళ తర్వాత 1663లో డచ్చివాళ్ళు, 1795లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని పట్టుకున్నారని చెప్తారు. ఎవరెవరు ఆక్రమించారన్నదే చరిత్ర. ఎవరిని నడవనివ్వలేదన్నది ఏ బోర్డు మీదా కనపడలేదు.

అదే కొచ్చి నీళ్ళ మీద 1913లో పులయ కులస్థులు ఒక సభ జరుపుకున్నారు. నేల మీద సభ పెట్టుకునే వీలు వాళ్ళకి లేదు. అందుకని పడవలన్నీ ఒకదానికొకటి కట్టి, ఆ పడవల మీదే సభ చేశారు. అంతకు ముందు సంవత్సరం, 1912లో, ఆ నీళ్ళ మధ్యనే ఉన్న ములవుకాడ్ దీవిలో, ఆ కులంలోనే దాక్షాయణి వేలాయుధన్ పుట్టింది. దేశంలో పట్టభద్రురాలైన మొదటి దళిత స్త్రీ ఆమె. రాజ్యాంగ సభలో ఉన్న ఒకే ఒక్క దళిత స్త్రీ కూడా ఆమే. ఆ సభలో ఉన్న 15 మంది స్త్రీలలో మన దుర్గాబాయి ఒకరు. వాళ్ళంతా కూర్చున్న సభ ఆమోదించిన రాజ్యాంగంలో 43వ అధికరణం చదవండి. పొలంలో గానీ ఫ్యాక్టరీలో గానీ మరెక్కడైనా గానీ పనిచేసేవాళ్ళందరికీ బతకడానికి సరిపడా వేతనంతో పాటు, తీరిక పూర్తిగా అనుభవించే పరిస్థితులు కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలని అందులో ఉంది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని హక్కు అంది. మన దేశం 1993లో ఆమోదించిన స్త్రీల వివక్షా నిర్మూలన ఒప్పందం 13వ అధికరణంలో వినోదంలో పాల్గొనే హక్కు ఉంది. వేతనం మాట మనం వందసార్లు ఎత్తాం. తీరిక మాట ఎన్నిసార్లు ఎత్తాం?

మూడో రోజు నూనెతో ఒళ్ళు పట్టించుకున్నాను. పట్టిన ఆవిడ చేతులు పడగానే ఏడుపొచ్చింది. ఆఖరుసారి నా ఒంటికి మరొకరు నూనె రాసింది నేను బాలింతగా ఉన్నప్పుడు. ఆ పిల్లకిప్పుడు పందొమ్మిదేళ్ళు.

అయితే ఆ సుఖం దగ్గరే ఆగిపోతే నేను మీ ముందు మాట్లాడనక్కర్లేదు. నా గది తుడిచే ఆమె రోజూ వైపీన్ దీవి నుంచి పడవ దాటి వచ్చేది. నాకొచ్చిన కాస్త తమిళం, ఆమెకొచ్చిన కాస్త హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. "సాయంత్రాలు సముద్రం ఒడ్డున కూర్చుంటారా?" అని అడిగాను. "రోజూ పడవలోంచి చూస్తాను. కూర్చోవడం ఎక్కడ?" అంది. నేను కొనుక్కున్న తీరిక ఆమె పనిలోంచే వచ్చింది. ఇదే చిక్కు. డబ్బున్న స్త్రీ విశ్రాంతి మరో స్త్రీ నడుం మీద నిలబడితే దాన్ని హక్కు అనలేం, అది కొనుగోలు. ఇప్పుడు మార్కెట్ మనకి అదే అమ్ముతోంది. "మీకోసం మీరు ఖర్చు పెట్టుకోండి" అంటోంది. ఎవరికి జీతంతో కూడిన సెలవు ఉంది, ఎవరికి లేదు అని మాత్రం అడగదు.

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు అదే రాష్ట్రంలో ఉన్నారు. కోళికోడ్ బట్టల షాపుల్లో అమ్మకం పని చేసే ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ రాత్రిదాకా నిలబడే ఉండాల్సి వచ్చేది. కొనేవాళ్ళు లేనప్పుడు కూడా కూర్చోనిచ్చేవారు కాదు. విజి నాయకత్వంలో పెణ్‌కూట్టు సంఘం కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడింది. 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించక తప్పలేదు. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణ తెచ్చింది. వాళ్ళు అడిగింది ఒక స్టూలు. చూడ్డానికి ఎంత చిన్న కోరిక!

అందుకని మీ ముందు మూడు విషయాలు పెడుతున్నాను. ఒకటి, మన సంఘాల్లోనే మొదలుపెడదాం. ఊళ్ళలో తిరిగే కార్యకర్తకీ, ఆఫీసు తుడిచే ఆమెకీ ఏడాదికి కొన్ని రోజులు జీతంతో సెలవు ఉండాలి. కారణం అడగకూడదు. అది బడ్జెట్టులో కనపడాలి. రెండు, ఊళ్ళకి వెళ్ళినప్పుడు "ఎన్ని గంటలు పని చేస్తారు?" అని అడుగుతున్నాం. "ఎప్పుడు కూర్చుంటారు?" అని కూడా అడుగుదాం. మూడు, మన పట్నాల్లో పార్కుల్లో, చెరువు గట్ల మీద, సముద్రం ఒడ్డున ఆడవాళ్ళకి మరుగుదొడ్లు, దీపాలు, కూర్చునే చోట్లు కావాలని మునిసిపాలిటీలని అడుగుదాం. కొచ్చి దాకా వెళ్ళలేనివాళ్ళకి సొంత ఊళ్ళోనే ఆ సాయంత్రం దొరకాలి.

చివరిగా ఒక్క మాట. తిరిగొచ్చిన వారానికి మా అత్తగారికి నిజం చెప్పేశాను. "అత్తయ్యా, సెమినార్ లేదు, ఊరికే వెళ్ళాను" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "చెప్తే నేనూ వచ్చేదాన్ని కదమ్మా" అంది. నాకు మాట రాలేదు. ఎందుకంటే ఆవిడని తీసుకెళ్ళాలని నాకు లేదు. ఒంటరిగా ఉండాలనే వెళ్ళాను. ఆ మాటా చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. వేసవిలో వాళ్ళ చెల్లెలితో కలిసి భీమిలి వెళ్తానని టికెట్టు తీయించమంది. అక్కడ ఏ దేవుణ్ణి చూస్తారని నేను అడగలేదు.

మీలో ఎంతమంది ఇలాంటి సాకులు చెప్పారో, అసలు వెళ్ళలేకపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళలేకపోయారో ఈ మధ్యాహ్నం చర్చలో చెప్పాలని కోరుతూ ముగిస్తున్నాను.