చంటిబిడ్డల తల్లియు, ప్రోగ్రామింగు విద్యయు



మాకు నిర్దేశింపబడిన విషయము స్త్రీవిద్య. ఆడపిల్లను బడికి పంపవలెనా యను చర్చ మనలో ఏనాడో ముగిసినది. చదువు ముగించి, వివాహమై, బిడ్డను చంకనెత్తుకొన్న పిమ్మట మఱల పలక పట్టదలచిన స్త్రీని గూర్చి మేము మాటాడబోవుచున్నాము. ముప్పదియేండ్లు శబ్దములు వల్లింపజేసిన పంతులకు కంప్యూటరు ప్రోగ్రామింగుతో నేమి పని యని కొందఱు నవ్వవచ్చును. మా యింటనే జరిగినది గాన చెప్పుచున్నాము.

మా రెండవ కుమార్తె ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పుచుండెను. రెండవ కాన్పుతో ఆ కొలువు పోయినది. పెద్దవానికి 4 ఏండ్లు, చిన్నదానికి 14 నెలలు ఉన్నపుడు, తాను ప్రోగ్రామింగు నేర్చి ఆ వృత్తిలో ప్రవేశింతునని చెప్పెను. "పిల్లలు కొంచెము పెద్దవారగువఱకు ఆగరాదా తల్లీ" అంటిమి. "నాన్నగారూ, మీరు ఎం.ఏ. పరీక్షకు చదివినపుడు నాకు రెండేండ్లట. మిమ్మెవరైన ఆగుమనిరా?" అని యడిగెను. మాకు ప్రత్యుత్తరము దొరకలేదు. ఆ దినములలో బిడ్డ యేడ్చినచో మా గృహిణి పెరటిలోనికి ఎత్తుకొనిపోవుచుండెను. మేము తలుపు మూసికొని కౌముది చదువుకొనుచుంటిమి.

మొదట ఒక శిక్షణసంస్థవారు మూడు నెలలలో ఉద్యోగము చేతికిత్తుమని రుసుము గైకొనిరి. తరగతి సాయంకాలము 7 గంటలకు. బిడ్డల కన్నము పెట్టు వేళ యది. పది దినములు పోయి మానెను. రుసుము తిరిగి రాలేదు. పిదప ఐ.ఐ.టి.లవారి ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠముల నాశ్రయించెను. వానిని వినుటకు వెల లేదు; పరీక్ష కోరువారికే రుసుము. బిడ్డ లేచినచో ఆపి, నిదురించిన పిమ్మట అచటినుండియే సాగింపవచ్చును. తెల్లవాఱుజామున 4 మొదలు 6 వఱకు ఆమెకు పాఠశాల. ఆ పిమ్మట పిల్లలు మా వంతు.

పైథాను అను భాషతో నారంభించెను. ఒకనాడు మార్కులనుబట్టి శ్రేణిని నిర్ణయించు చిన్న ప్రోగ్రామును వ్రాసి, 92 మార్కుల బాలునకు సయితము తృతీయశ్రేణి వచ్చుచున్నదని తల పట్టుకొని కూర్చుండెను. మేమును చూచితిమి. 35గాని అంతకు మించిగాని వచ్చినచో తృతీయశ్రేణి యను నియమమును మొదట వ్రాసి, 60 మార్కుల నియమమును క్రింద వ్రాసినది. యంత్రము పైనుండి వచ్చుచు, పొసగిన మొదటి నియమమునే గ్రహించి తక్కినవాని వంక చూడదట! పాణినీయమున తుల్యబలములగు రెండు సూత్రములకు విరోధము కలిగినపుడు పరసూత్రము బలీయము. ఇచట పూర్వమే బలీయము. "అట్లయిన వరుస తిరుగవేయుము" అంటిమి. సరిపోయినది. ఆ దినము మేము పొందిన సంతోషము చెప్పరానిది. ప్రోగ్రామింగు భాషల వ్యాకరణమును నిరూపించుటకు బాకస్ అను నాతడు 1959లో కల్పించిన సంకేతపద్ధతికి పాణిని పేరును చేర్చవలెనని 1967లో ఇంగర్‌మన్ సూచించెనని తరువాత చదివితిమి. ఆ భాషలో పట్టికలోని మొదటి యంశమునకు సంఖ్య సున్న. మా మనుమడు మెట్లనుగూడ సున్ననుండి లెక్కించుచున్నాడు. వాని పంతులమ్మ యొప్పుకొనుట లేదు.

ఉద్యోగాన్వేషణమున ఒకచోట ప్రోగ్రామును గూర్చి రెండు ప్రశ్నలును, పిల్లల నెవరు చూతురని నాలుగు ప్రశ్నలును వేసిరి. రెండేండ్లకు ఒక చిన్న సంస్థలో, ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములను పరీక్షించు ప్రోగ్రాములు వ్రాయు పని దొరకెను. జీతము పూర్వముకంటె కొంచెమే హెచ్చు.

ఇది క్రొత్త చిక్కు కాదు. వియన్నానుండి 1939లో బాలశరణార్థిగా ఇంగ్లండు చేరిన స్టెఫనీ షర్లీ 1962లో 6 పౌనుల మూలధనముతో ఒక ప్రోగ్రామింగు సంస్థను స్థాపించెను. పెండ్లియో, ప్రసవమో కారణముగా కొలువు విడిచిన స్త్రీలకు ఇంటికడ నుండియే చేయు పని యిచ్చెను. మొదటి 300 మంది ఉద్యోగులలో పురుషులు ముగ్గురే! కాంకార్డు విమానపు బ్లాక్ బాక్సుకు సంబంధించిన ప్రోగ్రామును వ్రాసినది వారే. స్త్రీపేరుతో వ్రాసిన జాబులకు బదులు రానందున 'స్టీవ్' అని సంతకము చేయవలసివచ్చెనట.

మన దేశమున 2017లో సవరింపబడిన ప్రసూతి చట్టము మొదటి రెండు కాన్పులకు 26 వారముల సెలవును, 50 మందికి తక్కువకాని ఉద్యోగులున్నచోట శిశుగృహమును విధించినది. అది కొలువున్న తల్లికి. కొలువుకై చదువుకొనుచున్న తల్లికి శిశుగృహ మెవరిత్తురు?

మన సంఘ విద్యానిధి నిబంధనలనుబట్టి 25 ఏండ్లు దాటినవారికిని, వివాహితలకును విద్యార్థివేతనము లేదు. ఆ నిబంధన వ్రాసిన ఉపసంఘములో మేమును ఉంటిమి. ఆ తప్పులో మాకును పాలు గలదు. దానిని తొలగింపుడని మా మొదటి మనవి. మన వసతిగృహపు క్రిందియంతస్తు గది విఱిగిన బల్లలతో నిండియున్నది. దానిని ఖాళీచేయించి, ఇంటర్నెట్టు పెట్టించి, ప్రక్క వసారాలో పిల్లలను చూచుటకు ఒక ఆయాను నియమింపవలెనని రెండవ మనవి. ఇందులకై మా ఒక నెల పింఛనును కోశాధికారిగారికి నేటి యుదయముననే యిచ్చితిమి. తీర్మానము మధ్యాహ్నసభలో 4వదిగా రానున్నది. దాతలు భోజనానంతరము ఇండ్లకు మరలిపోక, అప్పటివఱకు దయతో కూర్చుండ ప్రార్థించుచున్నాము.