ఉపాధ్యాయ శిక్షణ - నూతన సాధనములు

వెనుకటి దినములలో ఉపాధ్యాయ శిక్షణాలయములలో ఒక ఆచారముండెడిది. శిక్షణ పొందు యువకుడు నల్లబల్ల ముందు నిలిచి పాఠము చెప్పుచుండగా, అనుభవజ్ఞుడైన శిక్షకుడు చిట్టచివరి బల్లపై కూర్చుండి లోపములను వ్రాసికొనెడివాడు. పాఠము ముగిసిన పిదప ఏ మాటకు పిల్లలు ఉత్సాహపడిరో, ఏ లెక్కకు వారి ముఖములు చిన్నబోయినవో ఇరువురును విచారించుకొనెడివారు. సాధనములెన్ని మారినను ఆ చివరి బల్ల నిలుచునా యన్నదే నేటి మన ప్రశ్న.

గుడివాడకు చేరువనున్న అంగలూరులో కృష్ణాజిల్లా విద్యా శిక్షణ సంస్థ కలదు. డైట్ అనిన ఈ ప్రాంతపు ఉపాధ్యాయులందరికిని తెలియును. ఉద్యోగములో నున్నవారికి మాత్రము మొన్నమొన్నటి వరకు శిక్షణ యనిన ప్రయాణముతో కూడిన పని. నాగాయలంక, కోడూరు ప్రాంతముల నుండి పంతులుగారు శిక్షణకు తరలినచో, ఒక్కరే ఉపాధ్యాయుడున్న చోట బడి తలుపు మూయవలసినదే. 2017లో దీక్షా వేదిక ఏర్పడినది. 2019లో ముఖాముఖిగా మొదలైన నిష్ఠా శిక్షణ, కరోనా కారణముగా మరుసటి సంవత్సరమే ఆ వేదికపై అంతర్జాలమున సాగినది. కృష్ణ పాయల నడుమనున్న ఎదురుమొండి దీవిలోని ఉపాధ్యాయుడును, మచిలీపట్నపు ఉపాధ్యాయుడును సెల్‌ఫోనులో ఒకే పాఠమును వినగలుగుట సామాన్యమైన మేలు కాదు.

అయినను ఒక మాట చెప్పవలసియున్నది. మా విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లో ఆరంభమైనది. నాటినుండియు మేము ప్రసంగించుచునే యున్నాము; వినువారు తల యూపుచున్నారో, ఆవులించుచున్నారో మాకు కానరాదు. అంతర్జాల పాఠమునకును ఈ కొరత కలదు. చివర ప్రశ్నలకు సరిగా జవాబులిచ్చినచో ధ్రువపత్రము చేతికి వచ్చును. బోధన వచ్చినదో లేదో ఆ పత్రము చెప్పజాలదు.

దివిసీమలోని అవనిగడ్డకు డి.ఎస్.సి. పరీక్ష శిక్షణకై రాష్ట్రపు నలుమూలల నుండి యువతీయువకులు వచ్చుచుందురు. 2025లో 16,347 ఉద్యోగములకు ఆ పరీక్ష కంప్యూటరుపై జరిగినది. అభ్యర్థి చదివిన చదువును యంత్రము లెక్కకట్టగలదు. ఏడ్చుచున్న ఒకటవ తరగతి బిడ్డను ఊరడించి పలక పట్టించు నేర్పును లెక్కకట్టజాలదు.

మరి యంత్రము వలన నిజమైన సాయమెక్కడ? 1963 ప్రాంతమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున సూక్ష్మబోధన అను పద్ధతి రూపొందినది. కొద్ది నిమిషముల పాఠము చెప్పుట, దానిని చిత్రించి తానే చూచుకొనుట, దిద్దుకొని మరల చెప్పుట - ఇదియే దాని సారము. నాడు అందులకు పెద్ద యంత్రములు కావలసివచ్చెను. నేడు జేబులోని సెల్‌ఫోను చాలును. "అర్థమైందా?" అని పంతులుగారు అడుగును, "అయిందండీ!" అని తరగతి యంతయు ఒక్క గొంతుతో పలుకును, ఆయన నల్లబల్ల వైపు తిరుగగానే మూలనున్న పిల్లవాడు ప్రక్కవాని పలకలోనికి తొంగిచూచును. ఆ క్షణమును పంతులుగారు చూడలేదు; ఫోను చూచినది.

కాని ఆ పిల్లవాడు ఏల తొంగిచూచెనో, మరునాడు వానికి పాఠమెట్లు చెప్పవలెనో ప్రక్కన కూర్చుండి విచారింపవలసినది అనుభవజ్ఞుడైన శిక్షకుడే. తల్లిదండ్రుల అనుమతి లేక పిల్లలను చిత్రింపకుండుట, చిత్రించినదానిని శిక్షణకు వెలుపల పోనీయకుండుట కూడ ధర్మము. ఫోనును తరగతిలోనికి తెచ్చుకొందము. చివరి బల్లను మాత్రము ఖాళీ చేయకుందము.