పాత ఆంగ్ల పదములు – తెలుగు అర్థములు



1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున బిషపు పదవి నందిన ప్రథమ భారతీయులుగా ఈ డోర్నకల్ ఊరిని తమ పీఠముగా జేసికొనిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారికి తల్లిభాష తమిళము. వారు సేవించిన ప్రజల భాష తెలుగు. వారి సంఘపు ఆరాధనక్రమమునకు మాతృక 1662 నాటి ఆంగ్ల ప్రార్థనగ్రంథము. ఆ మహనీయుని స్మృత్యర్థమై ప్రసంగింపవలసి వచ్చినపుడు, ఆ ప్రాచీనాంగ్లమున నేటివారికి అర్థము మరుగుపడిన పదములను విచారించుట సముచితమని నాకు తోచినది.

మన పాఠశాలలో చదువుకొనిన బాలునికి ‘ఘోస్ట్’ అనగా దయ్యము. ‘మీట్’ అనగా మాంసము. ‘క్విక్’ అనగా త్వరగా. ఈ మూడర్థములను పట్టుకొని అతడు 1611 నాటి ఆంగ్ల బైబిలును తెరచెనా, అడుగడుగునను తడబడును. ఆ కాలమున ‘ఘోస్ట్’ ఆత్మకును, ‘మీట్’ సర్వవిధములైన ఆహారమునకును, ‘క్విక్’ ప్రాణముతో నున్నదానికిని చెల్లెడి పేర్లు. గోరు క్రింది సజీవమైన మాంసమును ఆంగ్లేయులు నేటికిని ‘క్విక్’ అనియే యందురు. పాదరసము చేతికి చిక్కక ప్రాణమున్నదానివలె పరుగిడును గనుకనే దానికి ‘క్విక్‌సిల్వర్’ అను పేరు వచ్చినది. అయితే ఆ బాలుని నాయనమ్మ, ఆంగ్లాక్షరము నెరుగకున్నను, ఆదివారమున దేవాలయములో పరిశుద్ధాత్మ యనియు, సజీవులును మృతులును అనియు తప్పులేకుండ పలుకుచున్నది. ఆంగ్లము చదివిన మనుమనికి అందని ఆంగ్లార్థము తెలుగు మాత్రమే వచ్చిన నాయనమ్మ నోట భద్రముగా నున్నది. నా ప్రసంగమునకు ప్రాణమిదియే.

‘ప్రివెంట్’ అను క్రియను చూడుడు. నేడు దానికి నివారించుట యని యర్థము. ప్రార్థనగ్రంథములో భక్తుడు తన కార్యములన్నిటను ఈ పని చేయుమనియే దేవుని వేడుకొనును. అడ్డుపడుమని దేవుని వేడువాడెవ్వడు? లాటిను ధాతువును బట్టి ఆ పదమునకు ‘ముందుగా వచ్చుట’ యని యర్థము. భక్తుడు కోరినది తన యడుగుకు ముందుగా దైవానుగ్రహము నడువవలెనని. ముందుగా వచ్చినవాడు దారికి అడ్డమై నిలుచుటయు కలదు గనుక, కాలక్రమమున ఆ రెండవ యర్థమే మిగిలినది. ‘లెట్’ చరిత్ర దీనికంటె విచిత్రము. అనుమతించుట యని మనమెరిగిన ఈ మాటకు, వేరొక మూలము నుండి పుట్టి రూపమున కలిసిపోయిన జంటపదమొకటి కలదు. దాని యర్థము అడ్డగించుట. అది చచ్చిపోయినదని తలంపకుడు. గల్ఫు దేశములకు పోవు తెలుగువాని జేబులోని పాస్‌పోర్టును తెరచినచో, ఈతనిని ‘లెట్ ఆర్ హిండ్రెన్స్’ లేకుండ పోనిండని రాష్ట్రపతి పేర చేసిన విజ్ఞప్తిలో ఆ ముసలిమాట నేటికిని ఉద్యోగము చేయుచునే యున్నది.

ఇట్టి మార్పు ఆంగ్లమునకు మాత్రమే కలిగిన వైకల్యము కాదు. మన పూర్వకవుల కాలమున చీర యనగా స్త్రీపురుషులిరువురి వస్త్రము. కంపు సువాసనకును చెల్లెను. నువ్వుల నెయ్యియే నూనె. ఆంగ్లమున ‘డీర్’ ఒకప్పుడు ఏ జంతువునకైనను పేరై, పిదప జింకకు మాత్రమే మిగిలినది. సంస్కృత మృగశబ్దము కూడ అదే త్రోవ నడచినది. సముద్రముల కావలి రెండు భాషలు ఒక్క జంతువు నొద్దకే చేరుట నాకెంతయో ఆశ్చర్యమును కలిగించును.

దేవాలయమును విడిచి స్టేషనునకు పోదము. కాజీపేట–విజయవాడ మార్గమున జంక్షనైన ఈ యూరిలో రైలుపని యెరుగని కుటుంబములు తక్కువ. పట్టాల పనివారు దినమును పలుకు ‘పీ-వే’ అను మాటలోని మొదటి యక్షరము ‘పర్మనెంట్’ అను మాటకు సంకేతము. శాశ్వతమైనది యేది ఈ లోకమున? ఇది వేదాంతము గాదు: మార్గము నిర్మించునపుడు మట్టియు రాళ్లును మోయుటకు కంట్రాక్టర్లు తాత్కాలికపు పట్టాలు పరచెడివారు, పని ముగిసిన పిమ్మట వేసిన అసలు మార్గమునకు, దానితో భేదము తెలియుటకై, ఈ పేరు పెట్టిరి. తాత్కాలికపు దారి పోయినను పేరు నిలిచినది.

ఒక పదమునకు అర్థము నిర్ణయించువాడు అది వ్రాయబడిన కాలము నడిగి తెలిసికొనవలెను. 1884లో మొదటి సంచిక వెలువడి 1928లో పూర్తియైన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు ప్రతి పదమునకును కాలక్రమమున ప్రయోగములను చూపినది ఇందుకే. అన్యభాషాపదములు కలిసిన మన మిశ్రభాషకు సి.పి. బ్రౌను 1854లోనే వేరుగా ఒక నిఘంటువును కూర్చెను; ఆ త్రోవలో మనము నడచినది స్వల్పము.

కావున ఇచ్చటి యుపాధ్యాయులకు నాదొక మనవి. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఈ యూరి ఎపిఫనీ కథీడ్రలులో వాడుకనున్న పదములను, జంక్షనులో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధుల నోటనున్న పదములను, వారు చెప్పిన యర్థముతోను, వాడిన సందర్భముతోను మీ విద్యార్థులచేత వ్రాయింపుడు. ఆ వృద్ధులు మన నడుమ నుండగానే ఈ పని జరుగవలెను.