చనుమొన నొప్పి - ఓర్చుకోవద్దు, సరిచేసుకుందాం



ఈ మాట నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడతాం. సిగ్గుతో నొప్పి దాచుకుంటాం. కొత్త బాలింత పండ్లు బిగబట్టి పాలు తాపుతుంది. తాళలేక చివరికి సీసా పడుతుంది. నష్టపోయేది బిడ్డే.

చనుమొన ఎందుకు పగులుతుంది? బిడ్డ మొన ఒక్కటే పట్టి చీకితే పగులుతుంది. పెద్ద ముద్ద తినేటప్పుడు మనం నోరు ఎంత తెరుస్తాం? బిడ్డ కూడా అట్లా తెరిచినంకనే పట్టియ్యాలె. మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలె. బిడ్డ గదుమ రొమ్ముకు ఆనాలె.

నొప్పి పెడితే గుంజవద్దు. కడిగిన చిటికెన వేలు బిడ్డ నోటి మూలన పెట్టండి. పట్టు వదులుతుంది. మళ్లీ సరిగ్గా పట్టియ్యండి.

తాపినంక రెండు చుక్కల పాలు మొనకు రాసి, గాలికి ఆరనివ్వండి. మొనకు సబ్బు పెట్టవద్దు. నొప్పి తక్కువున్న వైపు ముందు తాపండి.

ఆయుర్వేదంలో శతధౌత ఘృతం ఉంది. అంటే నూరుసార్లు నీళ్లతో కడిగిన నెయ్యి. మంటకు, పగుళ్లకు పూస్తారు. చనుమొనకు వాడాలంటే ముందు వైద్యుణ్ణి అడగండి. తాపే ముందు తడిగుడ్డతో తుడవండి. తేనె మాత్రం వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదం.

రొమ్ము ఎర్రబడి గట్టిపడిందా? జ్వరం వచ్చిందా? చీము కనిపించిందా? ఆలస్యం చేయవద్దు. ఆశా అక్కకు చెప్పండి. దవాఖానకు పోండి. పాలు ఒక్కసారిగా ఆపవద్దు. పాలు నిలిస్తే నొప్పి పెరుగుతుంది.

ఇది చదివారు కదా! మీ వాడలో బాలింత ఉంటే, పక్కన కూర్చుని చదివి వినిపించండి.