పాటల పెట్టెకు ముఖపత్రము



పూర్వము గ్రామఫోను ప్లేట్లను పుస్తకమువలె కుట్టిన యట్టల నడుమ నుంచి యమ్మెడివారు. అందువలననే పాటల సంపుటికి ఆల్బమ్ అను పేరు వచ్చినది. ఆ యట్టలు చాలవఱకు బోసిగా నుండెడివి. 1940లో అమెరికాలోని కొలంబియా కంపెనీ చిత్రకారుడు అలెక్స్ స్టైన్‌వైస్ వానిపై బొమ్మలు వేయ నారంభించెను.

1986లో విజయనగరమున నేనును అట్టి చిత్రకారుడ నైతిని. మా యింటి పెండ్లిలో మా యమ్మయు ముత్తైదువలును పాడిన నలుగుపాటలను, మంగళహారతులను అరువది నిమిషముల క్యాసెట్టులోని కెక్కించితిని. డ్రాయింగు కాగితమును డబ్బా కొలతకు కత్తిరించి, మడతలు పెట్టి, దానిపై బొబ్బిలి వీణను గీసితిని. గొల్లపల్లి శిల్పులు ఒక్క పనసమ్రానుననే తొలుచు వీణ యది. క్రింద 'మధురగీతములు' అని ముత్యములవంటి యక్షరములతో వ్రాసితిని. చూచినవారెల్ల మెచ్చిరి. నిజమున కా పందిటిలో వీణయే లేదు!

అమ్మ గతించిన పిమ్మట ఆ క్యాసెట్టును మరల వింటిమి. హారతి నెత్తుకొన్న గొంతు అమ్మదని నేనంటిని. పిన్నిదని అక్క యనెను. చెప్పగలవా రెవ్వరును మిగులలేదు. వీణకు ఇరువదినాలుగు మెట్లు లెక్క తప్పక గీసిన నేను, పాడిన నలుగురి పేళ్లు వ్రాయనైతిని.

నేడు ఫోనులో పాటలు దాచువారికిని నా మనవి యొక్కటియే. బొమ్మ వేయుడు, వలదనను. అంతకుముందు పాడినవారి పేరు, పాట, ఊరు, తేది వ్రాయుడు.

మా తగవు తీరలేదు. ఆ హారతి కెదుట అక్కయు నేనును ఇరువురి పేళ్లును వ్రాసి యుంచితిమి.