ఆగిపోయిన కథకు అభిమానుల చందా

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో పద్యనాటకం చూచి పెరిగినవారికి 'వన్స్ మోర్' అనే కేకను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి రామవిలాస సభ నాటకాలలో స్త్రీ పాత్రలకు ప్రాణం పోసిన స్థానం నరసింహారావు గారి కాలంలోను, ఆ తరువాతను, ప్రేక్షకుడు కోరితే నటుడు పద్యాన్ని తిరిగి ఎత్తుకొనవలసినదే. చనిపోయి పడి ఉన్న పాత్ర సైతం లేచి, హార్మోనియం శ్రుతి అందుకొని, పద్యం మరల పాడి, మరల చనిపోయేదని పెద్దలు నవ్వుతూ చెప్పుతారు.

ఆ కేకలో హాస్యమే కాదు, ఒక హక్కు కూడా ఉన్నది. టిక్కెట్టు కొన్నవాడు గాని, శ్రీరామనవమి పందిట్లో నాటకానికి చందా ఇచ్చినవాడు గాని, తాను కేవలం చూచిపోయేవాడిని కానని, ఈ ఆట సాగడంలో తన చేయి కూడా ఉన్నదని ఆ కేకతో తెలియజేసేవాడు. ఈ హక్కు టెలివిజన్ కాలంలో ఏమైనదో, ఇటీవలి సంవత్సరాలలో అది ఏ రూపంలో తిరిగి వచ్చినదో విచారించడం నేటి ప్రసంగ విషయం.

టెలివిజన్ ధారావాహికను నిలిపేది ప్రేక్షకుడు కాదు, ప్రకటనదారుడు. లక్షలమంది అన్యమనస్కంగా చూచే కార్యక్రమానికి ఉన్న విలువ, కొన్ని వేలమంది ప్రాణప్రదంగా చూచే కార్యక్రమానికి వ్యాపార లెక్కలలో ఉండదు. అందువల్లనే మంచి ధారావాహికలు కొన్ని నడుమనే ఆగిపోయినవి. అమెరికాలో 2002లో మొదలైన 'ఫైర్‌ఫ్లై' అనే ధారావాహికకు 14 భాగాలు నిర్మించి, 11 మాత్రమే ప్రసారం చేసి ఆపివేసినారు. అంతకు చాలా ముందు, 'స్టార్ ట్రెక్' ఆగిపోనున్నదని తెలిసి అభిమానులు వేల సంఖ్యలో ఉత్తరాలు వ్రాసినందున 1968లో దానికి మరొక సంవత్సరం ఆయువు దొరికినది. 1969లో అది ఆగనే ఆగినది. ఈ రెండూ అనంతరం చలనచిత్రాలైనవి: 'స్టార్ ట్రెక్' 1979లో, 'ఫైర్‌ఫ్లై' 'సెరెనిటీ' అనే పేరుతో 2005లో. ఐతే అక్కడ అభిమానులు ఇచ్చినది ఉత్తరం, ఉత్సాహం. పెట్టుబడి పెట్టినది స్టూడియోలే.

పెట్టుబడి కూడా అభిమానుల చేతినుండి వచ్చిన సంఘటన 2013లో జరిగినది. 'వెరోనికా మార్స్' అనే ధారావాహిక 2004 నుండి 2007 వరకు మూడు సంవత్సరాలు సాగి ఆగిపోయినది. దాని సృష్టికర్త రాబ్ థామస్, నాయిక క్రిస్టెన్ బెల్ కలిసి 2013 మార్చిలో 'కిక్‌స్టార్టర్' అనే అంతర్జాల వేదికపై విన్నపం చేసినారు: 20 లక్షల డాలర్లు పోగైతే చిత్రం తీస్తామన్నారు. ఒక్క రోజు గడవకముందే ఆ మొత్తం పూర్తి ఐనది. గడువు ముగిసేసరికి 91,585 మంది 57 లక్షల డాలర్లు సమకూర్చినారు. మరుసటి సంవత్సరం, 2014 మార్చిలో, చిత్రం విడుదల ఐనది. ఆరేళ్లుగా మూగపోయిన కేకకు జవాబు వచ్చినది.

మన దేశానికి ఈ పద్ధతి పూర్తిగా కొత్తది కాదు. 1976లో గుజరాత్ పాల సహకార సంఘాలకు చెందిన 5 లక్షలమంది రైతులు తలకు రెండు రూపాయలు వేసుకొనగా, శ్యామ్ బెనెగల్ 'మంథన్' చిత్రాన్ని తీసినారు. అంతర్జాలం వచ్చిన పిమ్మట 2013లో కన్నడంలో 'లూసియా', 2018లో తెలుగులో ఫణీంద్ర నర్సెట్టి గారి 'మను' ఇదే విధంగా పలువురి చేయూతతో వెలువడినవి. ఐతే ఇవన్నీ కొత్త కథలు. ఆగిన ధారావాహికను వెండితెరకు ఎక్కించిన తెలుగు ఉదాహరణ కావలెనంటే 'అమృతం' వద్దకు పోవలసి ఉన్నది.

గుణ్ణం గంగరాజు గారు నిర్మించిన 'అమృతం' 2001 నవంబరు నుండి 2007 నవంబరు వరకు ప్రతి ఆదివారం జెమిని టీవీలో వచ్చినది. భాగాల సంఖ్య 313. ఒక చిన్న హోటలు, దానిని నడపలేని ఇద్దరు మిత్రులు, వారిని సాధించే ఇంటి యజమాని అప్పాజీ, సర్వరు సర్వం: ఇంతే సరుకు. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ ఒకరి తరువాత ఒకరుగా ధరించినా ప్రేక్షకులు అంగీకరించినారు. దీనివల్ల ఒక సంగతి తేలుతున్నది. ఇంటివారు ప్రేమించినది ఒక నటుని ముఖాన్ని కాదు. ఆదివారం రాత్రి భోజనాల వేళకు ఇంటిలోకి వచ్చి కూర్చునే ఒక చిన్న లోకాన్ని.

2014లో అదే గంగరాజు గారు 'అమృతం చందమామలో' అనే చిత్రం తీసినారు. హోటలు చంద్రునిపైకి వెళ్లినది. అవసరాల శ్రీనివాస్ అమృతరావు ఐనారు. హాస్యం ఉన్నది, సాహసం ఉన్నది. కాని ధారావాహికకు దక్కిన ఆదరణ చిత్రానికి దక్కలేదు. 2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం' అనే పేరుతో అంతర్జాల వేదికపై ధారావాహిక మరల వచ్చేసరికి, ఆంజనేయులు పాత్రధారి గుండు హనుమంతరావు గారు లేరు. 2018లోనే ఆయన కన్నుమూసినారు. ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ గారు వేసినారు.

ఈ రెండు ప్రయత్నాలలో ఏదీ అభిమానుల చందాతో నడిచినది కాదు. ఐనా చందా ఇవ్వదలచిన వారికి ఇందులో పాఠం ఉన్నది. ధారావాహిక వారానికి ఒకసారి కొద్దికొద్దిగా అలవాటయ్యే వస్తువు. చలనచిత్రం రెండు గంటలలో ముగిసిపోవలసిన వస్తువు. పప్పులో పోపు ఎంత రుచిగా ఉన్నా, పోపునే విస్తరినిండా వడ్డిస్తే అది భోజనం కాదు. పాత మిత్రులను మరల చూడవలెనన్న కోరిక, మంచి చిత్రం చూడవలెనన్న కోరిక, ఈ రెండూ ఒకటి కావు. చందా సాధారణంగా మొదటిదానికోసం వస్తుంది. నిర్మాత రెండవదానిని ఇవ్వలేకపోతే మొదటిది కూడా చేదవుతుంది.

ఇక డబ్బు సంగతి. అభిమాని ఇచ్చే పైకం మూడింటిలో ఏదో ఒకటి కావలసి ఉన్నది: దానం, కొనుగోలు, లేదా వాటా. దానమైతే తిరిగి అడగరాదు. కొనుగోలైతే వస్తువు చేతికి రావలెను. వాటా ఐతే లాభనష్టాలలో భాగం ఉండవలెను. 'వెరోనికా మార్స్' చందాదారులకు దక్కినవి కథాప్రతి, చొక్కా, చిత్రపు ప్రతి వంటి బహుమానాలే. లాభంలో వాటా లేదు. ఆ చిత్రపు ప్రతి సైతం ఒక నిర్ణీత అంతర్జాల సేవ ద్వారానే అందినందున పలువురు ఇబ్బంది పడినారు. వేరే చోట కొనుక్కున్నవారికి పైకం తిరిగి ఇస్తామని సంస్థ చెప్పవలసి వచ్చినది.

మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ప్రైవేటుగా వాటాలు ఇవ్వజూపడానికి వీలు లేదు. కనుక వేలమంది అభిమానులు ఇచ్చే చిన్న మొత్తాలు వాటాలు కావడం కష్టం. అవి దానంగానో కొనుగోలుగానో మిగులుతవి. పైగా 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చలనచిత్రానికి కర్త నిర్మాత. కథను గుండెలో దాచుకొన్నవాడు వేరు, కాగితంపై హక్కు ఉన్నవాడు వేరు. అమెరికాలో 'ఆక్సనార్' పేరుతో 'స్టార్ ట్రెక్' అభిమానులు 2014లో చందాలు పోగుచేసి సొంతంగా చిత్రం తలపెట్టగా, హక్కుదారులైన సంస్థలు 2015 చివర దావా వేసినవి. 2017లో రాజీ కుదిరినది. పూర్తి చిత్రం బదులు పదిహేనేసి నిమిషాల రెండు భాగాలతో వారు తృప్తి పడవలసి వచ్చినది. చందా ఇచ్చినవారి భక్తిలో లోపం లేదు; హక్కు ఎవరిదని ముందుగా అడగకపోవడంలోనే లోపం.

పదిమంది కలిసి ఒక పని పూనుకొనడమంటే ఏమిటో పేరాలకు ఒకరు నేర్పవలసిన పని లేదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో పురపాలక సంఘంగా మార్చగా, ఏటా సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000 వరకు పెరిగినది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో, సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసుకొని, రామనగరమని పేరు పెట్టుకొని పదకొండు నెలలు గడిపినారు. ఒక దేశపు ప్రజల పోరాటాన్ని ఒక వినోదంతో సరిపోల్చడం నా ఉద్దేశం కాదు. గమనించవలసిన అంశం ఒకటే. అక్కడ ప్రతి కుటుంబానికి తాను ఏమి వదులుకొంటున్నదీ, ఎందుకు వదులుకొంటున్నదీ స్పష్టంగా తెలుసు. గోపాలకృష్ణయ్య గారిని చెరసాలలో పెట్టిన పిమ్మట అంతటి పట్టుదల కూడా సడలినది. సమష్టి ఉత్సాహం ఒక్క వ్యక్తిపైననే ఆధారపడితే దాని ఆయుర్దాయం తక్కువ.

కాబట్టి మీ ఇంటిలోని యువకులు ఏదైనా పాత ధారావాహిక పునర్జన్మకు చందా ఇస్తామని వస్తే వారిని కోప్పడకండి. కాని మూడు ప్రశ్నలు అడగమనండి. కథపై హక్కు ఎవరిది? వారి అంగీకారం వ్రాతలో ఉన్నదా? పని పూర్తి కాకపోతే పైకం తిరిగి వస్తుందా, లెక్క ఎవరు చూపుతారు? నాయకుడు తప్పుకొన్నా ఆ పని నడిపే సంస్థ ఉన్నదా? ఊరి నాటకానికి చందా వసూలు చేసిన పెద్దలు మరునాడు లెక్క చదివి వినిపించేవారు. అంతర్జాలంలో పోగైన చందాకు అంతకంటె తక్కువ మర్యాద చాలదు.

మరొక మాట. కొత్త చిత్రం తీయడానికి ముందు పాతదానిని కాపాడుకొనడం ఉన్నది. ఆనాడు రైతుల రెండేసి రూపాయలతో తయారైన 'మంథన్' ప్రతిని బాగుచేసి, 2024లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించినారు. దాదాపు అర్ధశతాబ్ది తరువాత ఆ రెండు రూపాయలు తిరిగి ఫలించినవి. తెలుగులో 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన నాటినుండి ఎన్ని నాటికలు, ఎన్ని ధారావాహికలు వచ్చినవో తలచుకొనండి. టేపు శాశ్వతమైన వస్తువు కాదు. తేమకు, ధూళికి లొంగిపోతుంది. దానిని నడిపే యంత్రాలు కూడా అరుదవుతున్నవి. మృతి చెందిన నటుని చిరునవ్వును ఎంత చందాతోనైనా మరల తీయలేము. భద్రపరచిన టేపులో మాత్రం అది ఉన్నది.

అభిమానుల పైకానికి మొదటి పద్దు అదే కావలెనని నా మనవి. మొదట ఆడిన నాటకం చెడకుండా ఉన్నప్పుడే, దానిని మరొకసారి ఆడమని అడగడానికి రాబోయే తరంవారికి కూడా అవకాశం ఉంటుంది.